పిట్టగోడ మీద ఉప్పు

ఆ ఏడు ఉగాదికి ముందు సర్కారు ఒక కొత్త రూలు తెచ్చింది. చిన్న ఇళ్ళవాళ్ళు ఉన్న ఇంటి మీద ఇంకో అంతస్తు వేసుకోవాలంటే ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు. పక్కింటివాళ్ళు ‘మాకేం అభ్యంతరం లేదు’ అని సంతకం పెడితే చాలు, మర్నాడే ఇటుకలు దించుకోవచ్చు. వ్యాపారాలు మందగించాయట, సిమెంటు కదలాలట, మేస్త్రీలకీ కూలీలకీ చేతినిండా పని దొరకాలట, అందుకని దసరా దాకా ఈ వెసులుబాటు. మా ఆయన వరప్రసాద్ ఇదంతా పేపర్లోంచి గట్టిగా చదివి వినిపించి, దేశ ఆర్థిక పరిస్థితి మీద ఇంకేదో చెప్పబోయారు. దేశం సంగతి నాకెందుకు? నాకు వంటిల్లు కావాలి.

“ఏమండీ, సాయన్న మేస్త్రికి ఫోన్ చేయండి,” అన్నాను.

“చూద్దాంలే సుధా, కాస్త ఆలోచించి...”

“పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను ఆలోచిస్తూనే ఉన్నాను. మీరు ఫోన్ చేయండి.”

నాంపల్లి స్టేషన్ వెనక సందులో మా ఇల్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు మా మామగారి తండ్రి బందరు నుంచి ఉద్యోగానికొచ్చి కట్టుకున్నది. మూడు గదులు, ఒక వంటిల్లు. ఆ ఒక్క వంటింట్లో ఇద్దరం, నేనూ నా తోడికోడలు రశ్మీ. గ్యాసుపొయ్యికి ఎడమ బర్నర్ నాది, కుడిది తనది. రెండు పోపుల డబ్బాలు, రెండు చింతపండు జాడీలు. సాంబారులో బెల్లం వేస్తుంది మహాతల్లి, అదీ గడ్డలు గడ్డలుగా. ఉప్పు డబ్బా మాత్రం ఒక్కటే. నేను దాన్ని పొయ్యి పక్కన గట్టు మీద పెడితే తెల్లారేసరికి పై అరలోకి ఎక్కి కూర్చునేది. నేను దించేదాన్ని, తను ఎక్కించేది. పోట్లాడుకుందామంటే రశ్మి పోట్లాడదు. “సరే అక్కా” అని చక్కగా నవ్వుతుంది, మర్నాడు డబ్బా మళ్ళీ పైనే ఉంటుంది. అంతకుముందు మా అత్తగారి రాజ్యంలోనూ అది ఆవిడ చెప్పిన చోటే ఉండేది. నా ఉప్పు డబ్బా నాకిష్టమైన చోట పెట్టుకుని, మర్నాడు పొద్దున అది అక్కడే ఉండగా చూడాలి. నా కోరికల్లా ఇదే. నవ్వుకుంటే నవ్వుకోండి.

సాయన్న వచ్చాడు. డాబా మీద సుద్దముక్కతో గీతలు గీశాడు. ఆగ్నేయం మూల వంటిల్లు, శాస్త్రం ప్రకారం. తూర్పున వీధివైపు పెద్ద కిటికీ. పొద్దున్నే పొయ్యి మీద ఎండ పడాలని చెప్పాను. ఆ గీతల మధ్య నిలబడితే నాకు పోపు వాసన కూడా వచ్చింది.

“గీ మూలకే పాత మెట్లున్నయి గదమ్మా,” అన్నాడు సాయన్న. వీధిలోంచి డాబా మీదికి వచ్చే మెట్లు సరిగ్గా ఆ మూలకే తేలతాయి.

“కొట్టెయ్యి. హాల్లోంచి లోపల కొత్తవి వేద్దాం.”

“నాకేంది, కొడ్త. ముందుగాల సంతకం దెచ్చుకో. ఆరిండ్లు లైన్ల ఉన్నయి నాకు,” అని దక్షిణం వైపు పిట్టగోడకేసి ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

ఆ పిట్టగోడకి అవతల యాదవ్వ వాళ్ళ డాబా. మాదీ వాళ్ళదీ గోడ కలిసిన ఇళ్ళు. వాళ్ళింటికి మెట్లు లేవు. అప్పట్లో వాళ్ళు స్లాబ్ వేసుకుంటుంటే మా అత్తగారే అన్నారట, “ఉన్న నాలుగు గజాల్లో మెట్లకి చోటెందుకు తగలేస్తారు? మావి ఎక్కి గోడ దాటండి,” అని. అప్పట్నుంచీ అదే దారి. యాదవ్వ మొగుడు పెంటయ్య ఆటో నడుపుతాడు. యాదవ్వ ఎండాకాలం పొడుగునా డాబా మీద వడియాలు పెట్టి బేగం బజార్‌లో ఒక షాపుకి వేస్తుంది. వాళ్ళ ఏడాది సంసారంలో సగం ఆ మూణ్ణెల్ల ఎండే.

పిట్టగోడ మీదుగా మాకు అన్నీ నడుస్తాయి. కూరలు, పచ్చళ్ళు, కబుర్లు. ఉప్పు మాత్రం చేతికి చేతికి ఇచ్చుకోం. అలా ఇస్తే గొడవలొస్తాయని మా అత్తగారి మాట. ఒకరు గోడ మీద పెట్టాలి, రెండోవాళ్ళు తీసుకోవాలి. అన్నేళ్ళూ అలాగే చేశాం, ఎప్పుడూ మాట పట్టింపు రాలేదు.

మర్నాడు పొద్దున యాదవ్వ పాత పంచె పరిచి సగ్గుబియ్యం వడియాలు పెడుతోంది. “సుధమ్మా, జర ఉప్పుంటే ఇయ్యి, తక్కువ బడ్డది,” అంది. గిన్నెతో తెచ్చి గోడ మీద పెట్టాను. పక్కనే కాగితమూ పెట్టాను.

“ఒక సంతకం పెట్టాలి యాదవ్వా. మేం పైన వేసుకుంటున్నాం.”

“ఏస్కోర్రి. మంచిగుంటది. పిల్లలు పెద్దగైతున్రు గద.” గరిటె ఆపకుండానే అడిగింది. “మరి మెట్లు?”

“మెట్లు తీసేస్తాం. ఆ మూల నా వంటిల్లు వస్తుంది.”

గరిటె ఆగింది. “మరి నేనెట్లెక్కాలె?”

“మీ ఇంట్లోంచి ఇనప మెట్లు పెట్టించుకోవచ్చుగా.”

“యాడ పెట్టియ్యాలె? దేవుని అర్రలనా, పొయ్యి మీదనా? మా ఇంట్ల జాగ యాడున్నదో నువ్వే జూపియ్యి.”

“అయితే నా వంటిల్లు మానుకోమంటావా?”

“నేనెందుకంట? నీకు వంటిల్లు గావాలె, నాకు మిద్దె గావాలె. నీ వంటిల్లు లేకపోతే నువ్వు కిందికి పోయి వండుకుంటవ్. నా మిద్దె లేకపోతే మేమేం వండుకోవాలె?”

“బాగుందమ్మా! ఇల్లు నాది, మెట్లు నావి, నిన్ను బతిమాలుకోవాలా?”

“బతిమాలకు. సర్కారే అడగమన్నది, నువ్వడిగినవ్. నేను పెట్టనన్న. గంతే.” ఉప్పు గిన్నెని వేలితో నా వైపుకి జరిపింది. “నీ ఉప్పు నీకే ఉండనీ.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చాలా అన్నాను. తనూ తక్కువ తినలేదు. కింద వీధిలో టీ తాగుతున్న వాళ్ళు గ్లాసులు పట్టుకుని తలలు పైకెత్తారు.

మా ఒక్క ఇల్లేమిటి, ఆ చైత్రమాసం సందంతా అదే వరస. సిమెంటు కదలాలని సర్కారు అనుకుంటే, మా సందులో ముందు నోళ్ళు కదిలాయి. కిటికీ మూసుకుపోతుందని ఒకరు, మురుగు నీళ్ళు మా మీద పడతాయని ఒకరు. ఇరవయ్యేళ్ళనాటి పెళ్ళిలో వడ్డన సరిగా జరగలేదని సంతకం పెట్టనన్నవాళ్ళూ ఉన్నారు. ఎలాగో సంతకాలు కుదిరిన ఇళ్ళ ముందు ఇసక కుప్పలు లేచాయి. కోఠి నుంచి ఆటోవాళ్ళు మా సందు పేరు చెబితే రామనేవారు. ఇరానీ హోటల్ వాడికి కప్పులు కడుక్కునే తీరిక లేదు. సాయన్న సంగతి చెప్పక్కర్లేదు. ఎలక్షన్లో గెలిచినవాడిలా ఫోనెత్తడం మానేశాడు. ఊరికి పని దొరికింది, నిజమే. నా మూల మాత్రం సుద్దగీతల్లోనే ఉంది.

యాదవ్వ రోజూ మా మెట్లెక్కి, ఆ గీతలు తొక్కకుండా దాటి, గోడ దూకి వెళ్ళేది. నాతో మాట లేదు. గీతలు మాత్రం తొక్కేది కాదు. అది ఇంకా ఒళ్ళు మండించేది.

మా మరిది రవిచంద్రకి ఆబిడ్స్‌లో జిరాక్స్ షాపుంది. మేం పైకి వెళ్తే కింద ఇల్లంతా తనదవుతుందని నాకంటే తనకే తొందర. ఒకరోజు పొద్దున్నే షాపుకి వెళ్తూ వెళ్తూ మెట్ల అడుగున్న ఇనప గేటుకి తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకున్నాడు.

“ఇదేంటి రవీ?” అన్నాను.

“నువ్వు చూస్తూ ఉండు వదినా. సంతకం దానంతటదే నడుచుకుంటూ వస్తుంది.”

“ఏం బాగుంటుంది?” అన్నాను గానీ, గట్టిగా అనలేదు.

కాసేపటికి బయట ఏదో చప్పుడైతే వంటింటి కిటికీలోంచి చూశాను. యాదవ్వ తన గుమ్మం ముందు వెదురు నిచ్చెన ఆనించి, తల మీద సగ్గుబియ్యం జావ గిన్నె పెట్టుకుని ఎక్కుతోంది. పెంటయ్య కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతోంది. సందులో జనం పని మానుకుని చూస్తున్నారు. నా కిటికీ ఎత్తుకి వచ్చాక నాకేసి చూసింది. ఒక తిట్టు తిట్టినా బాగుండేది. చూసి, ఎక్కిపోయింది. ఆ పూట నా చారులో ఉప్పెక్కువైందని అందరూ అన్నారు. రశ్మి కూడా.

మధ్యాహ్నం యాదవ్వ ఎండిన వడియాలు సంచులకెత్తుకుని మొగుడి ఆటోలో బేగం బజార్ వెళ్ళింది. ఆవిడ అటు వెళ్ళిందో లేదో, ఇటు స్టేషన్ వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. గాలి లేచింది. వీధిలో ఇసకంతా మొహాన కొట్టింది. నిచ్చెన ధబీమని పడింది.

“రశ్మీ! డాబా మీద వడియాలు!” అని అరిచాను.

“గేటుకి తాళముంది కదక్కా. ఆయనకి ఫోన్ చేస్తుంటే ఎత్తట్లేదు.”

గట్టు మీద పచ్చడి బండ కనబడింది. తీసుకుని పరిగెత్తాను.

“అక్కా, అది నా బండ!”

“నీదో నాదో, ముందు రావే తల్లీ!”

తాళం నాలుగు దెబ్బలు తింటే గానీ ఊడలేదు. చినుకులు మొదలయ్యాయి. నేనో వైపు, రశ్మి ఓ వైపు పిట్టగోడ దూకాం. ఆ వయసులో నేను గోడ దూకడం నాకే ఆశ్చర్యం. పంచెలు నాలుగు కొసలూ పట్టి, మూటలు కట్టి, చంకన పెట్టుకుని కిందికి ఉరికాం. వాన దబదబా కురిసే వేళకి మూటలన్నీ మా వంటింట్లో ఉన్నాయి. ఇద్దరం తడిసి ముద్దయి, ఒకరినొకరు చూసుకుని నవ్వాం. రశ్మి నవ్వు ఆ రోజు నాకు కోపం తెప్పించలేదు.

వాన వెలుస్తుండగా యాదవ్వ వచ్చింది. విరిగిన తాళం చూసింది, తెరిచిన గేటు చూసింది, మా గుమ్మంలోకి వచ్చింది. నా చేతులు పట్టుకుంటుందనుకున్నాను. అప్పుడేమనాలో కూడా తయారుగా ఉంచుకున్నాను. యాదవ్వ మూట విప్పింది.

“అయ్యో నీ చేతులిరగ! మూట గడ్తరా ఎవ్వలన్న? బట్టలా ఇవి? పచ్చి వడియాలన్నీ ఒక్క ముద్దయినయి గద!”

“మరేం చేయాలి, వానలో వదిలెయ్యాలా?”

“ఇద్దరున్నరు గద, పంచె పరిచింది పరిచినట్టే చెరోదిక్కు పట్టుకొని దింపాలె. చిన్నపోరిని అడిగినా చెప్తది. గింత చదువుకున్నరు, వడియం ఎత్తరాదు!”

“నీ వడియాల కోసం తాళం పగలగొట్టాను యాదవ్వా!”

“ఎవలేసిన్రు తాళం?”

మా ఆయన హాల్లోంచి తొంగిచూసి, పరిస్థితి గమనించి, మళ్ళీ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ముగ్గురం వంటింట్లో ఫ్యాను కింద నేల మీద కూర్చుని వడియాలు విడదీయడం మొదలుపెట్టాం. సగం ఆరినవి ఒక్కొక్కటీ ఊడదీయాలి, పచ్చివి మళ్ళీ చిన్నచిన్నగా పెట్టాలి. యాదవ్వ చుట్టూ చూస్తోంది. రెండు పోపుల డబ్బాలు, రెండు జాడీలు, ఇటు నా గిన్నెలు, అటు రశ్మి గిన్నెలు.

“ఏందిది, అన్నీ రెండు రెండున్నయి?”

“ఆ పొయ్యి అక్కది, ఈ పొయ్యి నాది,” అని రశ్మి నవ్వుతూ చెప్పింది.

“ఒక్క పొయ్యి గదనే అది!”

“బర్నర్లు రెండు కదా,” అన్నాను. అని ఊరుకోవచ్చు. కానీ నోరు ఆగలేదు. “నీకు తెలీదు యాదవ్వా. నేనీ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నా వంటిల్లు అనేది నాకు లేదు. ఆ ఉప్పు డబ్బా చూడు. నాకు గట్టు మీద ఉండాలి. ఒక్కరోజు ఉండదు.”

రశ్మి తలెత్తింది. “గట్టు మీదుంటే చెమ్మ పడుతుందని పైన పెడతానక్కా. మీకు కోపమొస్తుందని నాకేం తెలుసు? మీరెప్పుడూ చెప్పలేదు కదా.”

“చెప్పాలా? రోజూ దించుతూనే ఉన్నాను కదే!”

యాదవ్వ పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “గిందుకా సుధమ్మా? ఉప్పు డబ్బా కోసమా నాతోని గంత లొల్లి?”

“ఔను, దానికోసమే,” అన్నాను. సిగ్గేం లేదు నాకు.

“మంచిగనే ఉన్నది,” అంది యాదవ్వ, నవ్వాపి. “మా అత్త ఉన్నన్నొద్దులు నేను గూడ పొయ్యి ముట్టలే. మిద్దె మీద ఎవ్వలుండరని వడియాలు మొదలువెట్టిన. పైకెక్కితే నా రాజ్యం నాది.” ఒక వడియం ఊడదీసి పంచె మీద వేసింది. “నిచ్చెన మీద ఎన్నొద్దులెక్కుత? మోకాళ్ళు పోతున్నయి.”

ఆవిడకి మిద్దె ఎందుకు కావాలో, నాకు వంటిల్లు ఎందుకు కావాలో, రెండూ ఒకటే. అది నా బుర్రకి తట్టాక ఇంక నేను చేయగలిగింది పెద్దగా లేదు.

“మెట్లు కొట్టించనులే,” అన్నాను. “వంటిల్లు వాయవ్యంలో పెట్టుకుంటా.”

రశ్మి చేతిలో వడియం ఆగింది. “మరి మీ తూర్పు కిటికీ అక్కా?”

“వాయవ్యంలో తూర్పు కిటికీ ఎక్కడ పెడతారే? లైటేసుకుంటా.”

యాదవ్వ నా చేతిలోంచి ముద్ద లాక్కుంది. “గిటియ్యి. నీకు రాదు.”

మర్నాడు పొద్దున్నే, పళ్ళు తోముకోకముందే తలుపు కొట్టింది. “సంతకం యాడ పెట్టాలె?”

ఇంక మా ఆయన గోల. ఆగ్నేయంలో వంటిల్లు లేకపోతే ఇంటి ఇల్లాలికి కీడని భయం. ఇల్లాలిని నేనే కదా, నాకు లేని భయం ఆయనకెందుకో! కాచిగూడలో సిద్ధాంతి గారి దగ్గరికి లాక్కెళ్ళారు. సిద్ధాంతి గారు కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఆగ్నేయం కుదరకపోతే వాయవ్యం, దోషం లేదు. మెట్లకి ఆగ్నేయం పనికొస్తుంది. సడలింపులు సర్కారు ఇప్పుడు కనిపెట్టిందమ్మా, మా పెద్దవాళ్ళు ఎప్పుడో రాసిపెట్టారు,” అన్నారు.

“విన్నారుగా?” అన్నాను. మా ఆయన తాంబూలం పెట్టి దణ్ణం పెట్టారు. దారిలో ఆబిడ్స్‌లో ఆటో ఆపించి, రవిచంద్ర షాపుకెళ్ళి, విరిగిన తాళం వాడి కౌంటర్ మీద పెట్టి వచ్చాను. వాడు తలెత్తలేదు.

వైశాఖంలో గోడలు లేచాయి. సాయన్న రోజూ ఒక సాకు చెప్పేవాడు, నేను రోజూ ఒక తిట్టు తిట్టేదాన్ని, పని జరిగేది. స్లాబ్ వేసిన రోజు కూలీలందరికీ దావత్ ఇవ్వాలి కదా. కింద వంటింట్లో రెండు బర్నర్ల మీదా రశ్మీ నేనూ ఎవరిది ఏదో చూసుకోకుండా వండాం. యాదవ్వ తన గుమ్మం ముందు కట్టెల పొయ్యి పెట్టి, ముద్దగా అయిపోయి అమ్మకానికి పనికిరాని ఆ వంకరటింకర వడియాలన్నీ వేయించింది. కూలీలు ఇంకా ఇంకా అడిగి తిన్నారు.

“ఏందమ్మా గీ వడియాలు, గిట్ల పెద్దగున్నయి?” అన్నాడు సాయన్న.

“గవి సుధమ్మ చేసినయి,” అంది యాదవ్వ.

ఆషాఢం వచ్చేస్తోంది. అది వస్తే మళ్ళీ నెల్లాళ్ళు ఆగాలి. తలుపుల్లేవు, గోడలకి ప్లాస్టరింగ్ లేదు, అయినా సరే పాలు పొంగించేద్దామన్నాను. జ్యేష్ఠంలో ఒక మంచిరోజు ఇటుక గోడల మధ్య, బల్బు వెలుతురులో నా పొయ్యి వెలిగించాను. రెండు బర్నర్లూ నావే. పాలు పొంగాయి. రశ్మి పసుపు, కుంకుమ, బియ్యం, పప్పు సర్దింది. వచ్చినవాళ్ళు భోజనాలకి కిందికి దిగారు. తూర్పు వెలుతురు ఆ మూల మెట్ల మీద పడుతోంది, నా పొయ్యి మీద కాదు. ఒక్క క్షణం గుండె కలుక్కుమంది. అబద్ధం చెప్పను.

అప్పుడే ఆ మెట్ల మీంచి యాదవ్వ వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. చేతిలో ఉప్పు ప్యాకెట్.

“కొత్తింట్లకు ఉత్త చేతులతోని రావద్దంటరు గద,” అని, ప్యాకెట్ పెట్టడానికి చుట్టూ చూసింది. గట్టు మీదంతా పసుపూ కుంకాలూ పరిచి ఉన్నాయి. కింద సిమెంటు దుమ్ము. “యాడ పెట్టాలె సుధమ్మా?”

“ఎక్కడా వద్దు. ఇటివ్వు.” చెయ్యి చాపాను.

యాదవ్వ వెనక్కి తగ్గింది. “వామ్మో, చేతికా? మీ అత్త పైనుంచి జూస్తది. లొల్లయితది.”

“ఎన్నేళ్ళు గోడ మీద పెట్టుకున్నాం? మనకి లొల్లి అవ్వలేదా?”

యాదవ్వ నా మొహంలోకి చూసింది. తర్వాత ప్యాకెట్ నా అరచేతిలో పెట్టి, ఆ చెయ్యిని తన రెండు చేతులతో మూసింది. ఆ పట్టు ఇంకా గుర్తుంది. సగ్గుబియ్యం జావ కలిపి కలిపి గట్టిపడ్డ చేతులు. ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొగ అని చెప్పుకుందామంటే గ్యాసుపొయ్యాయె.

ఉప్పు డబ్బాలో పోసి, పొయ్యి పక్కన గట్టు మీద పెట్టాను. మర్నాడు పొద్దున లేచి ముందు వంటింట్లోకి వెళ్ళాను. డబ్బా పెట్టిన చోటే ఉంది. మూత తీసి చూశాను. కొంచెం చెమ్మ పట్టింది. రశ్మి చెప్పింది నిజమే. నేను దాన్ని అక్కడే ఉంచాను.

బయట మెట్ల మీద ధడాలున చప్పుడైంది.

“సుధమ్మా! మెట్ల మీద బకెట్ ఎవలు పెట్టిన్రు? నన్ను సంపుదామనుకున్నరా ఏంది పొద్దుగాల పొద్దుగాల?”

ఉప్పు చేతికిస్తే గొడవ రాకుండా ఉంటుందా మరి! పొయ్యి తగ్గించి, కొంగు నడుముకి దోపుకుని బయటికి వచ్చాను.

“నా మెట్లు, నా బకెట్! కళ్ళు కనబడవా నీకు?” అన్నాను హాయిగా.